వీపు సంచి ఆత్మకథ: నెకర్ ఒడ్డు నుంచి బెలుం బిలం దాకా

రక్‌సాక్ అంటే వీపున మోసుకుపోయే సంచి. మాట జర్మన్ భాషది. ఆ భాషలో వీపును ర్యూకెన్ అంటారు. ఆల్ప్స్ కొండల మాండలికంలో అది రుక్ అయింది. సాక్ అంటే సంచే. కొండల్లో పశువుల కాపరులూ వేటగాళ్లూ వాడుకున్న ఆ మాట పందొమ్మిదో శతాబ్దంలో ఇంగ్లీషులోకి చేరి, అక్కణ్నుంచి లోకమంతా తిరిగింది. ఇక్కడ తన కథ తాను చెప్పుకుంటున్నది అలాంటి సంచి. 40 లీటర్లది, బూడిద రంగు నైలాన్‌ది. దాని అడుగున ఒక సున్నపు మరక ఉంది. ఆ మరక ఎలా వచ్చిందన్నదే ఈ కథ.

తెలుగునేల మీద బరువు ఎక్కువగా తలమీద మూటగానో, భుజాన కావడిగానో, చంకన జోలెగానో ప్రయాణం చేసింది. కావడిలో రెండు తట్టలూ సమంగా తూగాలి. వీపు సంచి లెక్క వేరు. దాని బరువులో పెద్ద భాగం భుజాల మీద కాక, నడుము పట్టీ ద్వారా తుంటి ఎముకల మీద ఆనాలి. అందుకే బరువైన వస్తువులు వీపుకు దగ్గరగా, తేలికైనవి అడుగునా అంచులకూ సర్దుతారు. సరిగ్గా సర్దిన సంచి మోసేవాడి నడకలో కలిసిపోతుంది. సర్దడం తప్పితే అడుగడుగునా వెనక్కి లాగుతుంది.

ఈ సంచి మొదట చూసిన ఊరు హైడెల్‌బెర్గ్. నంద్యాల నుంచి పైచదువుకు వెళ్లిన ఒక కుర్రవాడు దాన్ని కొన్నాడు. ఒక సెలవుల్లో అతని చిన్ననాటి స్నేహితుడు అక్కడికి వచ్చాడు. ఆళ్లగడ్డలో శిల్పుల ఇంట పుట్టినవాడు, ఉలి చప్పుడు వింటూ పెరిగినవాడు. ఇద్దరూ నాలుగు రోజులు ఆ ఊరంతా కాలినడకన తిరిగారు. జర్మనీలో ఇలా తిరగడానికి పాత దారి ఉంది. సంచి తగిలించుకుని కొండలూ ఊళ్లూ తిరిగే యువకుల సంఘం వాండర్‌ఫోగెల్ 1901లో బెర్లిన్ పక్కనున్న ష్టెగ్లిట్స్‌లో మొదలైంది. పిల్లలతో కాలినడకన యాత్రలు చేసిన బడిపంతులు రిచర్డ్ షిర్‌మాన్ 1909లో యూత్ హాస్టళ్ల ఆలోచన చేశాడు. అల్టేనా కోటలో దాన్ని నిలబెట్టాడు. చేతిలో పెద్దగా డబ్బు లేనివాళ్లు ఇవాళ ఏ దేశంలోనైనా ఒక మంచం అద్దెకు తీసుకుని రాత్రి గడపగలుగుతున్నారంటే, ఆ పంతులుగారి చలవ అందులో చాలా ఉంది.

హైడెల్‌బెర్గ్ విశ్వవిద్యాలయం 1386 నాటిది; ఇవాళ్టి జర్మనీలో అన్నిటికన్నా పాతది. ఊరి నడుమ నెకర్ నది, దాని మీద 1788లో పూర్తయిన రాతి వంతెన, పైన కొండవాలున ఎర్రని ఇసుకరాతి కోట. వంతెన దాటి పాములా మెలికలు తిరిగే రాతి మెట్ల దారి ఎక్కితే తత్త్వవేత్తల బాట వస్తుంది. కోట గోడ దగ్గర ఆళ్లగడ్డ కుర్రవాడు ఆగి రాతిని అరచేత్తో తడిమాడు. రాయి ఏ జాతిదైనా ముందు చేత్తో చూడడం అతనికి ఇంట అబ్బిన అలవాటు. ఆ నాలుగు రోజులూ సంచి ఒక్కరి వీపు మీదే ఉంది. కాసేపు తానూ మోస్తానని రెండోవాడు అడిగితే, అతిథి చేత మోయించడం ఏమిటని మొదటివాడు ఒప్పుకోలేదు.

ఆ రాత్రుల్లోనే బెలుం గుహ మాట వచ్చింది. అవుకు, కొలిమిగుండ్ల మీదుగా పోతే తమ ఊళ్లకు అందేంత దూరంలో ఉన్న గుహను కొలిచి పటం గీసింది జర్మన్లని అక్కడ తెలిసింది. ఇద్దరూ ఆ గుహను అంతవరకూ చూడలేదు. ఇంటి పక్కనున్నదాన్ని రేపు చూద్దాంలే అని వదిలేయడం మనుషులకు మామూలే. ఆ చలికాలంలోనే సంచి నంద్యాలలో దిగింది.

బెలుం చరిత్రలో మొదటి రాత 1884 నాటిది. భారత ప్రాక్చరిత్ర పరిశోధనకు ఆద్యుడైన బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ ఆ ఏడు దీన్ని గుర్తించి నమోదు చేశాడు. తర్వాత దాదాపు వందేళ్లు ఎవరూ పట్టించుకోలేదు. 1982, 83లలో హెర్బర్ట్ డేనియల్ గెబావర్ నాయకత్వంలో జర్మన్ గుహాన్వేషకులు వచ్చి లోపలంతా వివరంగా సర్వే చేశారు. గుహ పొడవు 3,229 మీటర్లు. లోపల ఒక హాలుకు గెబావర్ పేరు పెట్టారు, అది తగిన మర్యాద.

గుహను కొలవడం ఓపికతో కూడిన పని. చీకట్లో ఒకరు దీపం పట్టుకుని నిలబడతారు. రెండోవారు టేపు పట్టుకుని కనిపించినంత దూరం వెళ్తారు. పొడవును టేపుతో, దిక్కును దిక్సూచితో, వాలును కోణమానంతో చూసి పుస్తకంలో రాసుకుంటారు. మలుపు రాగానే మళ్లీ మొదలు. ఆ ముక్కలన్నీ కలిపితేనే పటం అవుతుంది. గుహలోని వేడి దాదాపు ఆ ప్రాంతపు సాలుసరి సగటు వేడితో సమానంగా ఉంటుంది. కాబట్టి జర్మన్ గుహల్లో వణికించే చలి, బెలుంలో ఉక్కపోత. చలికి అలవాటైన ఆ మనుషులు తడి బట్టలతో, వీపున సంచులతో ఇక్కడ పాకారంటే వాళ్ల పట్టుదలకు ఈ సంచి చేతులెత్తి మొక్కుతుంది.

పటం వచ్చినంత మాత్రాన గుహ దశ మారలేదు. 1988 దాకా చుట్టుపక్కల ఊళ్ల చెత్త ఇందులో పడేది. ఆ ఏడు ప్రభుత్వం దీన్ని రక్షిత ప్రదేశంగా ప్రకటించింది. తర్వాత పర్యాటక అభివృద్ధి సంస్థ మట్టీ చెత్తా తొలగించి, మెట్లు, దీపాలు, గాలి గొట్టాలు అమర్చి, 2002 ఫిబ్రవరిలో సందర్శకులకు తెరిచింది. ఇప్పుడు నడవడానికి వీలున్నది సుమారు ఒకటిన్నర కిలోమీటర్లు.

నంద్యాల నుంచి బనగానపల్లె, అవుకు మీదుగా బస్సు సాగుతుంటే నల్లరేగడి చేలల్లో పప్పుశనగ కనిపిస్తుంది. కొలిమిగుండ్ల దగ్గరపడేసరికి దారి పక్కన నాపబండలు దొంతర్లుగా పేర్చి ఉంటాయి. ఈ సీమ ఇళ్లలో కాళ్లకింద చల్లగా తగిలే ఆ బండ సున్నపురాయే, బెలుం రాతికి చుట్టం. ఆళ్లగడ్డ కుర్రవాడు రాతి కుటుంబం సంగతి బస్సులోనే చెప్పాడు.

బయట నిలబడితే గుహ కనబడదు. చదును నేలలో బావుల్లాంటి మూడు గోతులుంటాయి, నడిమిది ద్వారం. మెట్లు దిగాక దారి అడ్డంగా సాగుతుంది. ఇదంతా నీటి పనితనం. వాన నీరు గాలిలోనూ మట్టిలోనూ ఉన్న కార్బన్ డయాక్సైడ్‌ను కలుపుకుని పలుచని ఆమ్లమవుతుంది. అది పగుళ్లలోకి దిగి సున్నపురాతిని కరిగిస్తూ పోతే వేల ఏళ్లలో సందులు, గదులు ఏర్పడతాయి. కప్పు నుంచి చుక్క జారేటప్పుడు ఆ వాయువు గాలిలో కలిసిపోయి, కరిగిన సున్నం మళ్లీ రాయవుతుంది. కిందికి దిగిన ఊడ, నేల నుంచి లేచిన మొద్దు కలిస్తే స్తంభం. సింహద్వారం, కోటిలింగాలు, వేయిపడగలు, ఊడలమర్రి అన్నీ అలా పుట్టినవే. ఆ పేర్లు పెట్టినవాళ్లు రాతిని బాగా చూశారు. జైన, బౌద్ధ భిక్షువులు ఇక్కడ ఉండేవారు. వాళ్లు పడుకున్నదని చెప్పే తలగడ లాంటి ఎత్తు ధ్యానమందిరంలో ఉంది. సప్తస్వరాల గుహలో వేలాడే రాళ్లను మెటికలతో తడితే లోహంలా మోగుతాయి.

దారి ఇరుకైన చోట వీపు మీద సంచి గోడకు తగిలి ఆగిపోయింది. ముందు నడుస్తున్న ఆళ్లగడ్డ కుర్రవాడు వెనక్కి తిరిగాడు.

"ఇట్లియ్యి రా, నేను పట్టుకుంటా."

హైడెల్‌బెర్గ్‌లో కాదన్నవాడు ఇక్కడ పట్టీలు విప్పి ఇచ్చాడు. అక్కడి నుంచి సంచి ఇరుకు వచ్చిన చోటల్లా ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి మారుతూ వెళ్లింది. వీపు మీద ఉన్నంతకాలం దానికి దారి వెనక్కే కనిపించింది. మొదటిసారి ఎదురుగా చూసింది.

గుహలో అన్నిటికన్నా లోతు పాతాళగంగ, ద్వారం మట్టం నుంచి 46 మీటర్ల కింద. ఏడాది పొడుగునా పారే సన్నని నీటి పాయ అక్కడ కనిపించి, రాళ్లలోకి మాయమవుతుంది. అది బెలుం ఊరి బావి వైపు పోతుందని అక్కడివాళ్ల నమ్మకం. ఇద్దరూ చెమటలు తుడుచుకుంటూ సంచిని తడి నేల మీద దించారు. అడుగున తెల్లని బురద అంటింది.

సాయంత్రం ఆళ్లగడ్డ ఇంట్లో స్నేహితుడి తల్లి సంచిని నాపబండ మీద పెట్టి సబ్బుతో ఉతికింది. ఎండిన సున్నం కదల్లేదు. నిమ్మచెక్క తెచ్చి రుద్దితే, పులుపు తగిలిన చోట సన్నని బుడగలు లేచి మరక కరగసాగింది. గుహను తొలిచిన నీటి పని అదే, ఆ బండ మీద నిమిషంలో జరిగింది. సగం పోయాక ఇద్దరూ "చాల్లే అమ్మా" అని ఆమె చేతిలోంచి సంచిని లాక్కున్నారు.