ధూమాభ్యాసం

మా సి.బెళగల్‌లో అక్షరాభ్యాసానికి అయ్యవారు కావాల, పలక కావాల, పళ్లెంలో బియ్యం కావాల. ధూమాభ్యాసానికి ఇవేవీ అక్కర్లేదు. బడి ముందర అంగట్లో చిల్లర పారేస్తే చాలు. తెల్లటి పిప్పరమెంటు పుల్ల, కొసన ఎర్రటి నిప్పుచుక్క. ఆరేళ్ల పిల్లోడు దాన్ని కొరికి తినేయడు. రెండు వేళ్ల సందున ఇరికించి, కళ్లు సగం మూసి, ఆకాశంలోకి ఊదుతాడు. తర్వాత లేని బూడిదను గోటితో రాలుస్తాడు! ఏ వాచకమూ ఇంత చక్కగా నేర్పలేదు.

2003 నాటి చట్టం ప్రకారం బడికి నూరు గజాల లోపల సిగరెట్టు అమ్మకూడదు. చక్కెర సిగరెట్టుకు ఆ గీత పట్టదు, దాంట్లో పొగాకు లేదు గదా. పొగాకు సరుకుల ఆకారంలో ఉండి పిల్లల్ని ఆకర్షించే మిఠాయిల తయారీ, అమ్మకాలను నిషేధించవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ పొగాకు ఒప్పందం 16వ అధికరణ చెబుతోంది. దాన్ని మన దేశం 2004లోనే ఆమోదించింది. ఆ కబురు మా అంగడి దాకా ఇంకా రాలేదు. ఎర్రబస్సు తప్పిపోయిందేమో.

'మేమూ తిన్న్యాం, ఏం చెడిపోయినాం?' అని ఒక పెద్దాయన నన్ను గద్దించినాడు. మధ్యలో దగ్గు తెర వస్తే, చేతిలో బీడీ నన్ను పట్టుకొమ్మని ఇచ్చి మరీ దగ్గినాడు.

అమెరికాలో ఈ లెక్క తీసినారు. 2007లో అచ్చయిన సర్వేలో, పొగ అలవాటైనోళ్లలో 88 శాతం మంది చిన్నప్పుడు ఈ మిఠాయి తిన్నోళ్లే. ఎన్నడూ ముట్టనోళ్లలో 78 శాతం. తిన్న ప్రతోడూ పొగరాయుడు కాడు, నిజమే. పుల్ల వల్లనే అలవాటైందని ఈ లెక్క తేల్చదు కూడా. అయినా ఆ తేడా చిన్నదా? చౌకడిపోలో నూరు కేజీలకు పది కేజీలు తక్కువ తూస్తే ఊరుకుంటామా? తమ పెట్టెల పోలికతో మిఠాయిలు వస్తున్నా అక్కడి సిగరెట్ కంపెనీలు చాలాకాలం చూసీ చూడనట్టు ఊరుకున్నాయని వాటి పాత కాగితాలే చెప్పినాయి. విత్తనం వేసినోడికి కోత కాలం తెలీదా?

పిల్లోడి చేతికి నిజం సిగరెట్టు ఇస్తే, 2015 బాలల చట్టం కింద ఏడేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా. ఆ మాటే అంగడాయనతో అన్నా.

"ఇది తినేది గదన్నా, తాగేది గాదు గదా!" అన్నాడు. రూపాయి చిల్లర లేదని, నా చేతిలోనూ ఒక పుల్ల పెట్టినాడు.