ఇలా చదవమంటారు, ఇలా మాత్రం చదవకండి

ఐఈఎల్‌టీఎస్ రాయబోయే పిల్లలకు రంగూన్‌లోని మా పబేడాన్‌లో సలహాలకు లోటు లేదు. టీ కొట్టులో పక్క బల్లవాళ్లు చెప్తారు. వైబర్ గ్రూపులో సీనియర్లు చెప్తారు. అమీర్‌పేటలో కోచింగ్ తీసుకుంటున్న బావ హైదరాబాద్ నుంచి అర్ధరాత్రి ఫోన్ చేసి మరీ చెప్తాడు. అనవ్రతా రోడ్డు పక్క సందులో, మూడో అంతస్తు గదిలో నేను సాయంత్రంపూట రైటింగ్ చెప్తాను. ఆ సలహాలన్నీ పిల్లల కాగితాల మీదుగా చివరికి నా దగ్గరికే వస్తాయి. చెప్పినవాళ్లందరిదీ మంచి మనసే, నష్టం మాత్రం రాసినవాళ్లది. ఫీజు పోతుంది, తేదీ పోతుంది, ఒక్కోసారి చేతికొచ్చిన సీటే పోతుంది. 2024 ఫిబ్రవరిలో నిర్బంధ సైనిక సేవ చట్టాన్ని అమల్లోకి తెచ్చినప్పటి నుంచి పిల్లలను విదేశాలకు పంపాలని ఇక్కడి ఇళ్లలో ఈ పరీక్ష కోసం ఎంత ఆత్రపడుతున్నారో రోజూ చూస్తున్నాను. అందుకే నేను ఎక్కువగా వినే తప్పుడు సలహాలను, వాటివల్ల కాగితం మీద ఏం జరుగుతుందో ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

"ఇరవై వ్యాసాలు బట్టీ పట్టు. ఏదో ఒకటి తగులుతుంది."

అన్నిటికన్నా ఎక్కువ చెరుపు చేసేది ఇదే. ఇది ఎక్కడ పుట్టిందో మనందరికీ తెలుసు. పరీక్ష అంటే అప్పజెప్పడమని చిన్నప్పుడే నేర్చుకున్నాం. మెట్రిక్‌కి వ్యాసాలు కంఠస్థం చేసి గట్టెక్కినవాళ్లమే మనం. నేనూ మొదటి రెండేళ్లు పిల్లలకు ఇదే చెప్పాను. పన్సొడాన్ ఫుట్‌పాత్ మీద కొన్న జిరాక్సు పుస్తకంలోంచి ఎంచి ఇచ్చి, రోజూ అప్పజెప్పించుకున్నాను. ఆ పిల్లల్లో ఇద్దరు రెండోసారి, ఒకబ్బాయి మూడోసారి రాయాల్సి వచ్చింది. వాళ్ల డబ్బూ కాలమూ పోవడంలో నా వంతు ఉందన్న బాధ ఇప్పటికీ నాకుంది.

ఒక కాగితం సంగతి చెప్తాను. మాక్ టెస్టులో నేనిచ్చిన ప్రశ్న ఇది: పాత కట్టడాలను కాపాడటానికి ఖర్చుపెట్టే డబ్బుతో జనానికి కొత్త ఇళ్లు కట్టడం మేలంటారు, మీరు ఎంతవరకు ఒప్పుకుంటారు? మన తెలుగింటి అమ్మాయే, పందొమ్మిదేళ్లుంటాయి. మొదటి నాలుగు వరుసలు తప్పులేని ఇంగ్లిష్‌లో రాసింది. ఆధునిక ప్రపంచమంటూ, రెండు వైపులా పదునున్న కత్తంటూ సాగిన ఆ వరుసలు పర్యావరణం మీద బట్టీ పట్టిన వ్యాసంలోవి. ఐదో వరుస నుంచి సొంత ఇంగ్లిష్. క్రియల చివర ఎస్ లేదు, వాక్యాలు తెగిపోయాయి. ఎక్కడ అతుకు వేసిందో కాగితం మీద వేలు పెట్టి చూపించొచ్చు. పరీక్ష దిద్దేవాళ్లు ఇలాంటివి రోజూ చూస్తారు. బట్టీ పట్టిన వరుసలకు విలువ కట్టరు. పైగా అడిగినదానికి జవాబు లేదు కాబట్టి మార్కులు వేసే నాలుగు అంశాల్లో మొదటిదే పడిపోయింది. ప్రశ్నకు జవాబు, అల్లిక, పదాలు, వ్యాకరణం, ఈ నాలుగింటికీ సమానంగా పాతికేసి శాతం.

కాగితం పక్కన పెట్టి, ఆ అమ్మాయిని కిటికీ దగ్గరికి పిలిచాను. "నువ్వు రోజూ ఏ దారిన వస్తావు?" అని అడిగాను. బొజో మార్కెట్ ముందు నుంచి అంది. 1926లో స్కాట్ మార్కెట్ పేరుతో కట్టింది అది. రోడ్డుకు అవతల 2017లో తెరిచిన జంక్షన్ సిటీ మాల్. 26వ వీధిలోకి తిరిగితే పందొమ్మిదో శతాబ్దం చివర్లో కట్టిన యూదుల సినగాగ్, అనవ్రతా మీదికి వస్తే కాళీ గుడి. ఆ పాతకీ కొత్తకీ మధ్యనే పుట్టి పెరిగిన పిల్ల. కాసేపటికి తనే మొదలుపెట్టింది, సగం తెలుగు, సగం బర్మీస్. అమ్మమ్మవాళ్ల బిల్డింగులో చెక్కమెట్లు పుచ్చిపోయాయట. అమ్మమ్మ కిందికి దిగలేదు. బాల్కనీ నుంచి తాడు వదిలితే, దాని చివర క్లిప్పుకు కూరలవాడు సంచీ తగిలిస్తాడు, ఆవిడ పైకి లాక్కుంటుంది. బిల్డింగు కూలగొట్టి కొత్తది కడతామని ఒకాయన వచ్చాడట. కట్టేదాకా అద్దెకున్నవాళ్లు ఎక్కడికి పోవాలి, తిరిగొచ్చాక ఆ అద్దె కట్టగలరా అని ఇంట్లో రోజూ గొడవట. చెప్పడం ఆపి నన్ను అడిగింది: "సయామా (బర్మీస్‌లో టీచరమ్మా), మా అమ్మమ్మ ఇల్లు కూడా ఎగ్జాంపులేనా?"

ఎగ్జాంపులే. మీకు తెలిసినదాంట్లోంచి, మీ అనుభవంలోంచి ఉదాహరణలు ఇవ్వమని ప్రశ్న కిందే అచ్చువేసి ఉంటుంది. ఆ వరుసను పిల్లలు చదవరు, ఎందుకంటే అది అన్ని ప్రశ్నల కిందా ఉంటుంది.

రెండో తప్పుడు సలహా సరిగ్గా ఆ వరుస మీదే దెబ్బ కొడుతుంది: "ఫలానా యూనివర్సిటీ రీసెర్చ్ ప్రకారం 75 శాతం అని ఏదో ఒకటి వేసెయ్, ఎవరు చూడొచ్చారు?" అంకె వేసినందుకు ఎక్కువ మార్కులు రావు. అది అబద్ధం అన్న సంగతి అలా ఉంచండి. ఆ అంకె తర్వాత రాయడానికి ఏమీ దొరకదు, లేని పరిశోధన గురించి రెండో వాక్యం ఎలా వస్తుంది? అమ్మమ్మ మెట్ల గురించైతే పది వాక్యాలు వస్తాయి.

"టైమ్ చాలదు. ప్లానింగ్ మానేసి వెంటనే రాయడం మొదలెట్టు."

రైటింగ్‌కి ఇచ్చేది మొత్తం 60 నిమిషాలు. టాస్క్ 1కి కనీసం 150 పదాలు, 20 నిమిషాలు. టాస్క్ 2కి కనీసం 250 పదాలు, 40 నిమిషాలు. టాస్క్ 2 విలువ రెట్టింపు. ఆ గంటను మీ బదులు ఎవరూ పంచిపెట్టరు. 20 నిమిషాలు కాగానే వచ్చి టాస్క్ 1 లాగేసుకునేవాళ్లు లేరు. అందుకే టాస్క్ 1 గ్రాఫు దగ్గర 30 నిమిషాలు గడిపేసి, తక్కువ మార్కులున్నదాన్ని చెక్కుతూ ఎక్కువ మార్కులున్నదాన్ని పోగొట్టుకుంటారు. దీనికి మందు వేగం కాదు. ప్లాన్ లేకుండా మొదలెట్టినవాళ్లు పన్నెండో నిమిషానికి ఆగిపోయి, మొదటి పేరా మళ్లీ చదువుకుంటూ కూర్చోవడం నా గదిలో వారం వారం చూస్తాను. టాస్క్ 2లో ముందు ఐదు నిమిషాలు వ్యాసం మొదలెట్టకపోయినా ఫర్వాలేదు. ప్రశ్నలో ఎన్ని ముక్కలున్నాయో చూడండి, నేను ఏ పక్షమో ఒక్క మాటలో రాసుకోండి, రెండు కారణాలు, ఒక్కోదానికి నేను చూసిన ఒక్కో సంగతి. చాలు.

ఆ ప్లాన్ కూడా ఇంగ్లిష్‌లోనే ఆలోచించాలని చెప్పేవాళ్లున్నారు. అక్కర్లేదు. "మెట్లు, తాడు, అద్దె" అని తెలుగులో మూడు మాటలు రాసుకున్నా సరే, బర్మీస్‌లో రాసుకున్నా సరే. దిద్దేది వ్యాసాన్ని.

"పొడుగు వాక్యాలు రాస్తే బ్యాండ్ స్కోరు పెరుగుతుంది." మన పిల్లలకు ఇది రెండింతలు ప్రమాదం. తెలుగులోనూ బర్మీస్‌లోనూ క్రియ చివర్లో వస్తుంది. మనం వాక్యాన్ని పేర్చుకుంటూ పోయి ఆఖరున ముడి వేస్తాం. ఇంగ్లిష్‌లో ఆ ముడి ముందే పడాలి. పొడుగు వాక్యం మొదలెట్టిన పిల్లలు క్రియను చివరిదాకా దాచుకుని, అక్కడికి చేరేసరికి కర్త ఎవరో మర్చిపోతారు. ఒక పొడుగు వాక్యం, రెండు పొట్టివి అలా రానివ్వండి. బర్మీస్‌లో క్రియ మనిషిని బట్టి మారదు, పదం చివర స్ శబ్దం పలకదు, అందుకే ఇక్కడ పెరిగినవాళ్ల ఇంగ్లిష్‌లో ఎస్, ఈడీ రాలిపోతుంటాయి. ఎ, ది అనే ఆర్టికల్స్ సంగతి సరేసరి, అవి మన రెండు భాషల్లోనూ లేవు. చివరి నాలుగు నిమిషాలు వ్యాసమంతా మళ్లీ చదివి మురిసిపోవద్దు. ఆ మూడింటి కోసమే వెతకండి: ఎస్, ఈడీ, ఎ-ది. నా పిల్లలు ఒక్కో చుట్టుకు ఒక్కోటి చూస్తారు.

"ఎంత ఎక్కువ రాస్తే అంత మంచిది" అని కూడా అంటారు. 250 దాటాలి, నిజమే. 280, 290 దగ్గర ఆగితే ఆ నాలుగు నిమిషాలు మిగులుతాయి, 400 రాసినవాళ్లకు మిగలవు. ప్రతి వాక్యం ముందూ మోర్‌ఓవర్, ఫర్దర్‌మోర్ తగిలించమనేదీ అంతే. అలా యాంత్రికంగా అతికించారని కనిపిస్తే అల్లికకు వేసే బ్యాండే తగ్గుతుంది. మంచి అల్లిక కంటికి ఆనదు. మిరియడ్, ప్లెథొరా లాంటి మాటలు మీ నోట సహజంగా వస్తే రాయండి, లేకపోతే మెనీ చాలు.

ఇప్పుడు కరెంటు సంగతి. "లాప్‌టాప్ లేకపోతే ఏముంది, ఫోన్‌లో టైప్ చేసి ప్రాక్టీస్ చెయ్" అంటారు. కరెంటు ఉండే గంటలు లెక్కపెట్టుకునే ఊళ్లో ఈ సలహా ఎందుకొచ్చిందో అర్థం చేసుకోగలను. కానీ ఫోన్ మీ స్పెల్లింగును మీకు తెలియకుండానే దిద్దేస్తుంది. కంప్యూటర్ మీద రాసే పరీక్షలో పదాల లెక్క తెర మీద కనిపిస్తుంది గాని, స్పెల్లింగు దిద్దేది ఉండదు. మొన్న ఒకబ్బాయి గవర్నమెంట్‌లో ఎన్ వదిలేసి తొమ్మిది చోట్ల రాశాడు, ఫోన్‌లో ఎప్పుడూ తప్పు రాలేదని నివ్వెరపోయాడు. ఫోనే దిక్కైతే ఆటో కరెక్ట్ ఆపేయండి. లేదా కొవ్వొత్తి దగ్గర చేత్తో రాయండి, కరెంటు వచ్చాక అదే టైప్ చేయండి.

చివరిది, తల్లిదండ్రులు చెప్పేది: "రోజుకో కొత్త వ్యాసం రాయాలి." వద్దమ్మా. మన పెద్దలు కోరంగి రేవులో ఓడెక్కి ఈ రంగూన్ వచ్చినప్పుడు ఎవరూ వాళ్లచేత వ్యాసం రాయించలేదు, పిల్లలకు ఈ పని ఎంత కొత్తో మీకు తెలియకపోవడం మీ తప్పు కాదు. దిద్దిన వ్యాసాన్నే రెండు రోజుల తర్వాత, పాతది చూడకుండా, మళ్లీ 40 నిమిషాల్లో రాయనివ్వండి. ఆ అమ్మాయి అమ్మమ్మ ఇంటి వ్యాసం మూడుసార్లు రాసింది. మూడోసారి తాడు సంగతి ఒక్క వాక్యంలో పెట్టి, అద్దె సంగతికి పేరా మొత్తం ఇచ్చింది. ప్రశ్న ఇళ్ల గురించి కదా, తాడు గురించి కాదు కదా అంది.

ఈ రాత్రికి ఒక ప్రశ్న ఇస్తున్నాను. నగరం మధ్యలో వీధుల్లో బండ్లు పెట్టుకుని అమ్మేవాళ్లను ఖాళీ చేయించాలని కొందరంటారు, మీరు ఎంతవరకు ఒప్పుకుంటారు? కరెంటు కోసం చూడకండి. గడియారం పెట్టుకోండి, ముందు ఐదు నిమిషాలు కిటికీలోంచి కిందికి చూడండి.