ఖాళీ కనబడితే గుంత తవ్వు

సీమలో నేల ఖాళీగా కనబడితే మన పెద్దలకు నిద్రపట్టదు. గడ్డి ఉంటే బంజరు, పొదలుంటే పనికిరాని అడవి. 1950లో నాటి కేంద్ర మంత్రి కె.ఎం. మున్షీగారు వనమహోత్సవం మొదలుపెట్టిన నాటి నుంచి మందు ఒకటే: గుంత, మొక్క, ఫొటో. మొక్క బతికిందో లేదో మరుసటేడు అదే గుంత దగ్గర మళ్లీ ఫొటోకు నిలబడినప్పుడు తెలుస్తుంది.

ఈ పచ్చటి ఉత్సాహానికి రెండు పిట్టలు మాత్రం సహకరించడం లేదు.

మొదటిది రోళ్లపాడు బట్టమేక. పదిహేను కిలోల దాకా తూగే ఈ పక్షి చెట్టు మొహం చూడదు. గడ్డిబీట్లో ఉత్త నేల మీద, సాధారణంగా ఒకే ఒక్క గుడ్డు పెట్టి పొదుగుతుంది. 1988లో దానికి 614 హెక్టార్ల అభయారణ్యం ఇచ్చారు. కాపలా భేషుగ్గా పనిచేసింది, కృష్ణజింకలకు. అవి పెరిగి చేలమీద పడ్డాయి. నష్టపోయిన రైతుకు అభయారణ్యం పేరెత్తితే ఒళ్లు మండింది. కాలువ నీళ్లొచ్చి చుట్టుపక్కల మెట్టపైర్లు కూడా మారిపోయాయి. బట్టమేక జాడ లేక ఏళ్లయింది. అభయారణ్యం మాత్రం క్షేమం.

రెండోది మరీ మొండిది: కడప జిల్లా కలివికోడి. 1900 తర్వాత ఎవరికీ కనబడక, పోయిందనుకున్న పిట్ట. 1986 జనవరిలో సిద్ధవటం దగ్గర రెడ్డిపల్లిలో ఒక స్థానికుడి చేతికి రాత్రిపూట చిక్కింది. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ శాస్త్రజ్ఞుడు భరత్ భూషణ్ దాన్ని గుర్తించి లోకానికి చెప్పారు. శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం వెలిసింది దీని పేరు చెప్పుకొనే. 2005లో తెలుగుగంగ కాలువ తవ్వే యంత్రాలు దాని పొదల్లోకే దిగాయి. వ్యవహారం ఢిల్లీ దాకా నడిచాక గానీ కాలువ పక్కకు తప్పుకోలేదు.

ఇంతకీ కలివికోడి కోరిక ఏమిటి? పరిశోధకులు పొదలు లెక్కపెట్టి తేల్చారు: రెండు మీటర్లు దాటిన పొదలు హెక్టారుకు 300 నుంచి 700 దాకా ఉండాలి, మధ్యమధ్య ఉత్త నేల కనబడాలి. మేకలు, గొడ్డళ్లు అతిగా పడితే పొద మిగలదు. అసలు పడకపోతే పొదలు కమ్ముకుని పిట్ట పరుగెత్తే సందు మిగలదు. అంటే లంకమలలో అడవిని కాపాడటమంటే ఒక్కోచోట మేకల కాపరిని తరమకుండా, అతణ్ని కూర్చోబెట్టి మాట్లాడటం. ఏ రిజిస్టరులో రాస్తారు దీన్ని? నాటిన మొక్కలకు గడి ఉంది, నాటకుండా వదిలేసిన నేలకు గడి లేదు. పైగా రాత్రి తిరిగే పిట్ట, తనిఖీ వేళకు నిద్రలో ఉంటుంది. ఎర్రచందనం అయితే దుంగల్లో లెక్కకు వస్తుంది, పట్టుకుంటే పేపర్లోనూ పడుతుంది.

నల్లమలలో చెట్టు నరికితే పోట్లాడదాం. లంకమల పొదల్లో, రోళ్లపాడు గడ్డిలో చెట్టు నాటినా అంతే గట్టిగా పోట్లాడాలి. ఈ రెండో పోట్లాటకు వెళ్లినవాణ్ని మాత్రం పర్యావరణ ద్రోహి అంటారు.

ఏళ్ల తరబడి జాడ లేని కలివికోడి కూత 2025 ఆగస్టులో మళ్లీ రికార్డయింది. సంతోషమే. భయమల్లా ఆ తర్వాతి కార్యక్రమం గురించే: ముందు ఒక బోర్డు, ప్రారంభించడానికి వచ్చే పెద్దలకు నీడగా నాలుగు కానుగలు, ఆ కానుగలకు నీళ్లు తెచ్చే ట్యాంకరుకు పొదల మధ్య నుంచి ఒక రోడ్డు.