నంబరు లేని తొట్టికి టీకా తాత్పర్యం

మూలము

తొట్టి గలదు, చక్రములుండె, దూలముండె;
చాసిపైనున్న యంకెల జాడ లేదు;
సీబు కెక్కడో! తొలిరేడు చేరె దివిని;
బ్రోకరన్నయ్య! చేయింతు బుక్కు నెటుల?

అవతారిక

మాసబ్ ట్యాంక్‌లో ఫ్లాటూ, చేవెళ్ల దగ్గర కాస్త పొలమూ ఉన్న ఒక గృహస్థు ట్రాక్టరు తొట్టిని సెకండ్ హ్యాండులో కొన్నాడు. డబ్బిచ్చేశాక తొట్టి కింద వంగి చూశాడు. అప్పుడు వెలువడిన పద్యమిది. కవి పేరు అడక్కండి. కవి దొరక్క టీకాకారుడే పద్యం కూడా చెప్పుకోవలసి వచ్చింది. ఛందస్సు తేటగీతి. గణాలు లెక్కపెట్టుకోవలసినవారు పెట్టుకోవచ్చు.

ప్రతిపదార్థం

తొట్టి = ట్రాక్టరు వెనక తగిలించేది, కొన్ని ఊళ్లలో ట్రక్కు, కొన్ని ఊళ్లలో ట్రాలీ, కాగితాల మీద మాత్రం ట్రైలర్; గలదు = కళ్లెదుటే ఉంది, ఇందులో వివాదం లేదు; చక్రములు + ఉండె = టైర్లు ఉన్నాయి (అరుగుదల సంగతి కవి దాటేశాడు); దూలము + ఉండె = ఛాసిస్ దూలమూ నిలిచే ఉంది; యంకెల జాడ లేదు = దాని మీద కొట్టిన నంబరు ఆనవాలు కనబడదు; సీబుకు = సీ బుక్కు, అనగా ఆర్.సి. (గణం కోసం ద్విత్వం పోయింది, ఎలాగూ అసలు పుస్తకమే పోయింది); తొలిరేడు = మొదటి ఓనరు; దివిని చేరె = కాలం చేశాడు; బ్రోకరన్నయ్య = ఓ బ్రోకరు మహాశయా (‘అన్నయ్య’ అన్నాడు గనుక కవి కోస్తావాడని ఊహించవచ్చు, మాసబ్ ట్యాంక్‌లో ‘భాయ్’ అంటే సరిపోయేది); బుక్కు నెటుల చేయింతు = ఆర్.సి. ఏ విధంగా పుట్టించేది?

తాత్పర్యం

వస్తువుంది, దానికి పేరు లేదు.

విశేషాలు

ఈ పద్యం మాసబ్ ట్యాంక్‌లో పుట్టడం కాకతాళీయం కాదు. మహమ్మద్ కులీ కుతుబ్ షా కూతురు హయాత్ బక్షీ బేగంను జనం ‘మా సాహెబా’ అనేవారు. ఆవిడ పేరున వెలిసిన చెరువు మా సాహెబా ట్యాంక్, నోళ్లలో నలిగి మాసబ్ ట్యాంక్ అయింది. చెరువు ఎప్పుడో పూడిపోయింది. అక్కడ ఇప్పుడు పార్కుంది, ఫ్లైఓవర్ ఉంది, నీళ్లు లేవు. అయినా బస్సు బోర్డు మీద, పోస్టు చిరునామాలో ట్యాంక్ చెక్కుచెదరకుండా ఉంది. పేరుంటే చాలు, వస్తువు లేకపోయినా లోకం నడుస్తుంది. మన గృహస్థుది దీనికి సరిగ్గా తలకిందులైన కష్టం. ఇంకో చమత్కారం కూడా చెప్పుకోవాలి. అదే బేగం పేరున వెలిసిన హయత్‌నగర్ వైపే, విజయవాడ రోడ్డు మీద, ఆటోనగర్ ఉంది. నంబరు కొట్టే సుత్తుల మోత, నంబరు చెరిగిన తొట్ల నిట్టూర్పు రెండూ ఆ తల్లి చల్లని నీడలోనే అన్నమాట.

పూర్వపక్షం: ఇంజనే లేనిదానికి మోటారు వాహనాల చట్టంతో పనేమిటి? ఎడ్లబండికి అడగని బుక్కు దీనికెందుకు?

సిద్ధాంతం: 1988 నాటి చట్టం 2(28)వ నిర్వచనంలో బాడీ కట్టని ఛాసిస్‌నూ, ట్రైలర్‌నూ కూడా మోటారు వాహనంలో కలిపేశారు. మోటారు లేకపోయినా మోటారు వాహనమే. పోనీ ట్రాక్టరు బుక్కులోనే ఇదీ ఇమడదా అంటే, ఇమడదు. ట్రాక్టరుకొకటి, తొట్టికొకటి, బుక్కులు రెండు. ఇది ద్వైతం. కానీ తొట్టి తగిలించుకుని రోడ్డెక్కిన ట్రాక్టరు సరుకు రవాణా వాహనమే అవుతుందని నట్వర్ పారిఖ్ కేసులో 2005లో సుప్రీంకోర్టు తేల్చింది. ఇది అద్వైతం. విడిగా ఉంటే రెండు బుక్కులు చూపాలి, కలిస్తే ఒక్కటిగా నిలబడి జవాబు చెప్పుకోవాలి. మతత్రయంలో దేనికీ చెందకుండా బతకడం తొట్టికి సాధ్యం కాదు.

‘జాడ లేదు’ అన్నచోట కవి తొందరపడ్డాడు. జాడ చాలాసార్లు ఉంటుంది, రంగు కింద ఉంటుంది. ఓనరు మారినప్పుడల్లా ఒక పూత, దసరాకి దసరాకి ఇంకో పూత. ట్రాక్టరుకు తగిలించే కడ్డీ దగ్గరా, ముందువైపు దూలం మీదా ఎమరీ కాగితంతో మెల్లగా రుద్దాలి. కిరసనాయిలు గుడ్డతో తుడిచి, ఆరాక సుద్దపొడి అద్దాలి. గాట్లలో సుద్ద నిలిచి తెల్లగా ఒక 7, పక్కన సగం 3 పైకొస్తాయి. అప్పుడు పల్చటి కాగితం పరిచి పెన్సిలు అడ్డంగా రుద్దితే అంకెలు దిగుతాయి. ఆఫీసు భాషలో దీన్నే ‘ఛాసిస్ ప్రింటు’ అంటారు. చదివేటప్పుడు ఒక ఉపకారం: పదిహేడక్షరాల అంతర్జాతీయ పద్ధతి నంబరైతే అందులో ఐ, ఓ, క్యూ అనే ఇంగ్లిషు అక్షరాలు ఉండవు, ఒకటీ సున్నా అనుకుంటారని తీసేశారు. గుండ్రంగా కనబడేది సున్నాయే.

ఎంత రుద్దినా రాకపోతే? తుప్పు తిన్నదా, ఎవరైనా గ్రైండరు పెట్టి గీకారా అన్నది మోటార్ వెహికల్ ఇన్‌స్పెక్టరు, అనగా జనవాక్యంలో బ్రేకినస్పెక్టరు, చూసి చెప్పాలి. తుప్పయితే అర్జీ పెట్టుకుని, అనుమతి మీద పాత నంబరే మళ్లీ కొట్టించుకుని, ఆ సంగతి రికార్డులోకి ఎక్కించుకోవచ్చు. గీకుడైతే విషయం పోలీసు స్టేషను దారి పడుతుంది. రాణీగంజ్‌లో పంచింగ్ సెట్టు కొనుక్కుని ఇంట్లోనే కానిచ్చేద్దామనే ఆలోచన కొందరికి వస్తుంది. పద్యం సొంతంగా అల్లుకోవచ్చు గాని నంబరు అల్లుకోకూడదు. ఛాసిస్ మీది అంకె, బుక్కులోని అంకె వేరువేరని తేలితే రిజిస్ట్రేషనే రద్దు చేయమని 55వ సెక్షన్ చెబుతోంది.

పాత అంకె ఎక్కడ దొరుకుతుంది? దీనికి లోకజ్ఞానం కావాలి. ట్రాక్టరూ తొట్టీ ఒకేరోజు రిజిస్టరైతే చాలాసార్లు వరుస నంబర్లు పడతాయి. అంచేత ఈ తొట్టితోపాటు ఉన్న ట్రాక్టరు ఎవరింటికి వెళ్లిందో పట్టుకుంటే దీని గుట్టు దొరకవచ్చు. బండి నంబరు తెలిసిందా, ఛాసిస్ నంబరు రికార్డే చెబుతుంది.

‘తొలిరేడు చేరె దివిని’: ఇక్కడ కరుణ రసం అనుకుంటారు. కాదు, ఇది ఫారం 31. బతికున్న ఓనరు అమ్మితే ఫారం 29, 30 చాలు. అమ్మినవాడు 14 రోజుల్లో, కొన్నవాడు 30 రోజుల్లో తెలపాలి. ఓనరు పోతే వారసులు 30 రోజుల్లో కబురు చెప్పి, మూడు నెలల్లోగా ఫారం 31 మీద ముందు తమ పేరుకు మార్పించుకోవాలి, ఆ తరవాతే మన పేరు. వేలంపాటలో కొన్నవారిది ఫారం 32. పోయిన బుక్కుకు నకలు కావాలంటే ఫారం 26. తొట్టి ఆంధ్ర ఆర్.టి.ఓ. రికార్డులో ఉంటే అక్కడి నిరభ్యంతరం కోసం ఫారం 28. అప్పు తీర్చినా బ్యాంకు పేరు బుక్కులో ఉండిపోతే ఫారం 35. కాళిదాసుకు వ్యాఖ్యానాలు రాసిన మల్లినాథసూరి మన మెదక్ కొల్చారం వాడు. మూలంలో లేనిదేదీ రాయనని ఆయన ప్రతిజ్ఞ. కౌంటరులోని గుమాస్తాదీ అదే సంప్రదాయం: ఒరిజినల్ లేనిదే రాయడు. విసుక్కుంటాం గాని, ఆ మొండితనం లేకపోతే మన ఇంటి ముందు నుంచి లాక్కెళ్లిన తొట్టికి కూడా రేపటికి ఎవరి పేరునో బుక్కు పుడుతుంది.

చివరి పాదంలో సంబోధన తప్పు. ఆ ప్రశ్న అడగవలసింది బ్రోకరును కాదు, చనిపోయినవారి కొడుకును. బ్రోకరు ‘ఐపోతది భాయ్, నేనున్న కదా’ అంటాడు. ఆ వాక్యానికి ప్రతిపదార్థం లేదు.

ఫలశ్రుతి

ఈ టీక చదివినంత మాత్రాన ఎవరికీ సీ బుక్కు రాదు. రిజిస్ట్రేషన్ లేని తొట్టిని రోడ్డు మీద తిప్పితే మాత్రం 192వ సెక్షన్ కింద మొదటిసారికే రెండు వేలకు తక్కువ కాకుండా జరిమానా వస్తుంది. ఇంకా అడ్వాన్సు ఇవ్వనివారు సుద్దముక్క పట్టుకుని ముందు తొట్టి కిందికి దూరవలసిందిగా మనవి.