గండిపేట కనిపిస్తుందట!

కోకాపేట భూముల వేలంలో ఎకరం 151 కోట్లు దాటిందని ఊరంతా చప్పట్లు. 2023లో వంద కోట్లు దాటినప్పుడు కొట్టినవే, ఈసారి కాస్త గట్టిగా. అంటే గజం మూడు లక్షల పైమాటే. అరగజం కొనలేనివాడు కూడా టీవీ ముందు కూర్చుని "మన హైదరాబాద్ ఎదిగిపోతోందండీ" అంటున్నాడు. ఎదగక? ఆ రేటు పెట్టినవాడు పెంకుటిల్లు వేసుకుంటాడా? అరవై అంతస్తులు లేపాల్సిందే. రోడ్డు వెడల్పు, సెట్‌బ్యాకులు చూపించు, ఎంత స్థలంలో ఎంత కట్టాలన్న ఎఫ్‌ఎస్‌ఐ పరిమితి లేదు పొమ్మని 2006లోనే సర్కారు వరమిచ్చేసింది.

ఎత్తు సంగతి అలా ఉంచండి. నా ఒళ్లు మండేది ఆ ‘లేక్ వ్యూ’ చూసి. బ్రోషర్ తెరిస్తే గండిపేట. బాల్కనీలోంచి గండిపేట, ఈతకొలనులోంచి గండిపేట, ఆఖరికి బాత్‌టబ్‌లోంచీ గండిపేటే! అంతస్తు పెరిగేకొద్దీ అడుగుకి ఇంతని ఫ్లోర్ రైజ్, చెరువు వైపు ఫ్లాటైతే దానిమీద ఇంకో వడ్డన.

సరే, కట్టి కొన్నావు. ఎదుటి ప్లాటువాడు ఊరుకుంటాడా? నీకన్నా రెండంతస్తులు ఎక్కువే లేపుతాడు. ఇక నీకు కనిపించేది వాడి యుటిలిటీలో ఆరేసిన లుంగీ. వాడి చెరువుకు అడ్డొచ్చేవాడు అప్పటికే ముందు ప్లాటులో పునాది తవ్వుతుంటాడు. ఒక్క చెరువు, ఎంతమందికైనా అమ్ముకోవచ్చు. రిజిస్ట్రేషన్ గొడవే లేదు.

అసలది చూసి మురవడానికి కట్టిన చెరువా? 1908లో మూసీ పొంగి వేలమందిని పొట్టన పెట్టుకుంటే, మళ్లీ వరద ముంచెత్తకుండా, ఊరికి మంచినీళ్లు అందేలా 1920 నాటికి కట్టిన జలాశయం. దాన్ని కాపాడాలని 1996లో 111 జీవో తెచ్చి 84 గ్రామాల్లో కట్టడాలకు పగ్గం వేస్తే, 2023లో ఆ పగ్గమే తెంపేయాలని మంత్రివర్గం తీర్మానించింది. తాగే నీళ్ల చుట్టూ కాంక్రీటు పోసి, ఆ నీళ్లనే దృశ్యంగా అమ్ముతూ, కొన్నవాడి కుళాయికి మాత్రం ట్యాంకర్లు తోలించే వ్యాపారానికి సిగ్గూ శరం ఉండక్కర్లేదా? భూమి వేలం వేసేది సర్కారు సంస్థ హెచ్‌ఎండీఏ, కట్టుకోమని అనుమతిచ్చేదీ సర్కారు సంస్థే. ఇక వద్దనేదెవరు?

పోనీ, ఈ ఫ్లాట్లయినా రెరా రిజిస్ట్రేషన్ నంబరు రాకుండా అమ్మకూడదని 2016 చట్టంలో ఉంది. ‘ప్రీలాంచ్’ ఫోన్లు మాత్రం ఆగవు.

ఈసారి ఫోన్ చేసే బాబుకి నాదొక్కటే ప్రశ్న. ఎదుట టవర్ లేచి చెరువు కనబడకుండా పోయిన రోజున ఫ్లోర్ రైజ్ వాపసిస్తారా? ఇస్తే, ఆ మాట అగ్రిమెంట్‌లో ఏ పేజీలో ఉందో చెప్పమనండి.