కొమ్మదాత

కొమ్మ అడిగేవాళ్ళు ఏ ఊళ్ళోనైనా ఉంటారు. గేటు దగ్గర ఆగి, మందారం కేసి ఓ చూపు, మన కేసి ఓ చూపు చూసి, "ఒక్క కొమ్మ విరుచుకోనాండీ?" అంటారు. మనం సరేననే లోపే విరిచేస్తారు. వాళ్ళతో పేచీ లేదు. తీసుకున్నవాడు మళ్ళీ మొహం చూపించడు. భయపడాల్సింది కొమ్మ ఇచ్చేవాడికి.

రాజమండ్రిలో మా వీధికి అలాంటాయన ఒకరున్నారు. ఎదురుగా బాబాయ్‌గారూ అంటాం, చాటున మావగారు అంటాం. ఆ వరస ఎలా కలిసిందో చెప్పాలంటే ముందు లాంటానా సంగతి చెప్పాలి.

ఆయన ఇరిగేషన్లో చేసి రిటైరయ్యారు. హాల్లో దేవుడి పటాల వరసలోనే కాటన్ దొర పటం ఉంటుంది, దానికీ రోజూ ఓ పువ్వు పడుతుంది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిందన్న సంగతి పాలవాడితో సహా మా వీధిలో అందరికీ కంఠతా వచ్చు. రిటైరయ్యాక ఆయనకి మిగిలిన ఆయకట్టల్లా ప్రహరీ గోడ పక్కన 20 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు నేల. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఎండ మాడ్చేసే చోటు. గులాబీ వేస్తే మాడింది. చామంతి వేస్తే మాడింది. గడ్డి కూడా అలిగి వెళ్ళిపోయింది. ఓ ఆదివారం విసుగెత్తి కడియపులంక వెళ్ళి, ఆ నర్సరీలన్నీ కాళ్ళరిగేలా తిరిగి, నల్ల కవర్లలో ఆరు మొక్కలు తెచ్చారు. పాకే లాంటానా, ఊదారంగుది.

మొక్క మంచిదేనండి, ఆ మాట ఒప్పుకోవాలి. లేస్తే అడుగు, అడుగున్నర. అంతకంటే తల ఎత్తదు. పక్కకి మాత్రం మూడు నాలుగడుగులు పాకుతుంది. కొమ్మ నేలకి తగిలిన చోట కణుపు దగ్గర వేరు వేసుకుని, అక్కణ్ణించి మళ్ళీ బయల్దేరుతుంది. రూపాయి బిళ్ళంత గుత్తి, అందులో చిట్టి చిట్టి ఊదా పూలు, కొన్నిటి నడుమ పసుపు చుక్క. ఆకు గరగరలాడుతుంది. నలిపితే ఘాటు వాసన, కొందరికి గిట్టదు. సీతాకోకచిలుకలు మాత్రం ఆ గోడ దగ్గర చేరితే ఓ పట్టాన కదలవు. ఏడాది తిరిగేసరికి 20 అడుగులూ ఊదా దుప్పటి పరిచినట్టయింది.

చిక్కు అక్కడే మొదలైంది. లాంటానా కొత్త చిగురు మీద పూస్తుంది. కాబట్టి పూత అయిపోయినప్పుడల్లా మూడో వంతు కత్తిరించాలి. కత్తిరించినప్పుడల్లా తట్టెడు కొమ్మలు తేలతాయి. గోదావరి నీళ్ళు సముద్రం పాలవుతున్నాయంటేనే ప్రాణం ఉసూరుమనే మనిషి, తట్టెడు కొమ్మల్ని చెత్తబండి పాలు చేస్తాడా?

ఓ సాయంత్రం మా గేటు చప్పుడైంది. తడిపిన పేపర్లో చుట్టిన కట్టని చంటిపిల్లని ఎత్తుకున్నట్టు రెండు చేతులా ఎత్తుకుని నిలబడ్డారు.

"మీ ఇంటికి ఎండ ఎన్ని గంటలుంటుంది బాబూ?"

"ఉంటుందండి, బాగానే."

"బాగానే అంటే? ఆరు గంటలకి తగ్గకూడదు. కుళాయి ఎంత దూరం? మేకలు గట్రా లోపలికొస్తాయా? ఇది తింటే పశువుకి పడదు. మేక సంగతి సరే, తర్వాత దాని తాలూకు వాళ్ళొచ్చి మీ మీద పడతారు."

నా సంబంధానికి మా మావగారు కూడా ఇన్ని వాకబులు చెయ్యలేదు. ఉద్యోగం పర్మనెంటేనా అని ఒక్కటడిగి పిల్లనిచ్చేశారు. ఈయన మా పెరడంతా తిరిగి, మట్టి చేత్తో పిసికి, వాసన చూసి, "పర్లేదు, సర్దుకుంటుంది" అని నిట్టూర్చారు. ఆ నిట్టూర్పులో, ఇంతకంటే మంచి సంబంధం వచ్చేదే కానీ దీని రాత ఇలా ఉంది అన్న ధ్వని స్పష్టంగా వినిపించింది.

నాటడం కూడా నన్ను ముట్టుకోనివ్వలేదు. నాలుగైదు అంగుళాల ముక్క. కింద కణుపుకి సరిగ్గా దిగువన కోత పెట్టారు. అడుగు ఆకులు గిల్లేశారు. చివర మొగ్గ ఉంటే దాన్నీ తుంచేశారు. "వేళ్ళు లేనమ్మాయికి పువ్వులెందుకు" అన్నారు. ఎర్రమట్టిలో సగం ఇసక కలిపి, పెన్సిలుతో బెజ్జం చేసి, రెండు కణుపులు మునిగేలా దింపి, చుట్టూ బొటనవేలితో అదిమారు. అదిమి ఆ వేలు అక్కడే కాసేపు ఉంచారు. నాకెందుకో పక్కకి తిరిగి నిలబడాలనిపించింది.

లాంటానా కెమరాకి తెలుగులో తలంబ్రాల చెట్టని ఓ పేరుంది. ఒకే గుత్తిలో పసుపూ గులాబీ ఎరుపూ కలిసి ఉంటాయి, అందుకే అనుకుంటాను. ఆ పేరు ఊరికే పోలేదు. ఆ సాయంత్రం మా ఇంట్లో పెళ్ళే జరిగింది.

మూడో రోజు పొద్దున్న ఆరింటికి వచ్చారు.

"అమ్మాయి వాడిందేమిటండీ?"

మా ఆవిడ కంగారుగా మా అమ్మాయి గదిలోకి పరిగెత్తింది. ఆ తర్వాత అలవాటైపోయింది. వారానికి రెండుసార్లు తనిఖీ. వేరు పట్టిందో లేదో చూడ్డానికి కొమ్మని పట్టుకుని మెల్లిగా పైకి లాగి చూసేవారు. పట్టీ పట్టని వేరుని పట్టుకుని లాగుతుంటే ఎప్పటికి పట్టేను? మామూలుగా మూడు నాలుగు వారాల్లో కుదురుకునే కొమ్మ మా ఇంట్లో ఆరు వారాలు తీసుకుంది. "మూడో నంబరింట్లో అప్పుడే చిగురేసిందండి. వాళ్ళు మాత్రం బాగా చూసుకుంటున్నారు" అని ఓ ముక్క విసిరేవారు. మూడో నంబరింటికి వెళ్ళి మా పేరు చెప్పేవారని తర్వాత తెలిసింది.

సంక్రాంతికి సారె కూడా వచ్చింది. చివికిన పశువుల ఎరువు, రెండు కిలోలు, ప్లాస్టిక్ కవర్లో. "యూరియా వెయ్యకండి. ఆకు తప్ప పువ్వుండదు" అని హెచ్చరిక. మేం అప్పటికే గుప్పెడు వేసి ఉన్నాం. చెప్పలేదు. కోడలికి ఏం పెట్టామో వియ్యంకుడితో అన్నీ చెప్పుకుంటామా?

ఓసారి మా బావమరిది వచ్చాడు, అడవుల డిపార్టుమెంటులో పని. మొక్కని చూడగానే, "బావా, ఇది పులికంప కదూ? దీన్ని పీకించలేక అక్కడ మా నడుములు విరుగుతుంటే నువ్వు ఎరువేసి పెంచుతున్నావా?" అన్నాడు. ఖర్మ కాలి ఆ క్షణానికి మావగారు గేటు దగ్గరే ఉన్నారు.

లోపలికొచ్చి కుర్చీ లాక్కుని కూర్చున్నారు. కులగోత్రాల విచారణ మొదలైంది. "చూడు బాబూ. ఇంటిపేరు లాంటానా అయినంత మాత్రాన అందరూ ఒకటేనా? మీ అడవుల్లో ఉన్నది కెమరా. 1800ల మొదట్లో ఆంగ్లేయులు అందం కోసం కలకత్తా తోటలోకి తెచ్చారు. అది గోడ దూకి దేశం మీద పడింది. దాని ఒంటికి ముళ్ళు. మా అమ్మాయి మాంటెవిడెన్సిస్. దక్షిణ అమెరికా. ఉరుగ్వే రాజధాని మాంటెవిడియో పేరు మీద పెట్టిన పేరు. రాజధాని వాళ్ళు. ముళ్ళు చూపించు చూద్దాం!"

మావాడు వంగి వెతికాడు. దొరకలేదు. అయినా వదలకుండా, నీలగిరుల్లో ఆ పులికంప పుల్లలతోనే నిలువెత్తు ఏనుగు బొమ్మలు కట్టి విదేశాలకి పంపుతున్నారని చెప్పాడు. "అయితే దాని తరఫు వాళ్ళు కూడా పైకొచ్చారన్నమాట" అని మావగారు కొంచెం మెత్తబడ్డారు.

మే నెలలో 20 రోజులు హైదరాబాదు వెళ్ళాం. తాళం ఆయనకివ్వలేదు. ఇస్తే ఇల్లు కాలువైపోతుందని మా ఆవిడ భయం. తిరిగొచ్చేటప్పుడు రైల్లో మేం మాట్లాడుకున్నదంతా ఆయనకేం సమాధానం చెప్పాలన్న దాని గురించే. వచ్చి చూస్తే, మధ్యలో ఎప్పుడో పడిన ఒక్క గాలివాన తప్ప చుక్క నీళ్ళెరగని ఆ మొక్క, ఆకు కనపడకుండా పూసి ఉంది. మా సేవే దానికి ఇన్నాళ్ళూ అడ్డమని అప్పుడర్థమైంది. ఆయన మర్నాడే వచ్చి చూసి, "మా పెంపకం అలాంటిది" అని వెళ్ళిపోయారు.

ఆ తర్వాత రెండు వారాలు మనిషి అయిపు లేరు. ఒంట్లో బాగాలేదేమోనని ఓ పొద్దున మేమే వెళ్ళబోతుంటే ఆయనే వచ్చారు. ఎప్పుడూ తోసుకొచ్చే మనిషి గేటు బయటే నిలబడ్డారు. చేతిలో పేపర్ కట్ట లేదు.

"ఆషాఢం వచ్చింది కదా" అన్నారు.

"వచ్చిందండి."

"ఆషాఢంలో కొత్త కోడళ్ళు పుట్టింటికెళ్తారు. మన ఆనవాయితీ."

"అవునండి."

చెప్పు అంచుతో నేల మీద గీత గీస్తూ కాసేపు నిలబడ్డారు. జీవితమంతా ఇవ్వడమే తప్ప అడగడం తెలియని నోరు. మాట ఎటు తిప్పినా కొమ్మ దగ్గరికి రావడం లేదు. చివరికి మా ఆవిడే, "మీ గోడ పక్కది ఎలా ఉంది బాబాయ్‌గారూ?" అంది.

"లేదమ్మా. వేరు కుళ్ళిపోయింది. రోహిణి కార్తెలో ఎండలకి పాపం దాహమేస్తుందేమోనని..."

"రోజూ పోశారా?"

"పూటపూటా."

ఎకరాలకెకరాలకి నీళ్ళు వదిలిన చెయ్యి. 40 చదరపు అడుగుల దగ్గర మాత్రం ఊరుకుంటుందా?

లోపలికెళ్ళి కత్తెర తెచ్చాను. ఆయన నేర్పిన చోటే, కణుపు దిగువన, ఎనిమిది కొమ్మలు కోశాను. అడుగు ఆకులు గిల్లాను, మొగ్గలు తుంచాను. పేపర్ తడిపి చుట్టి చేతికిచ్చే ముందు ఆగాను.

"నీళ్ళు ఎన్నిసార్లు పోస్తారండీ?"

"వేరు పట్టేదాకా మట్టి ఆరకుండా చూస్తాను. పట్టాక వారానికి రెండుసార్లు" అన్నారు, బళ్ళో పాఠం అప్పజెప్పినట్టు.

"వేలు పెట్టి చూసి, పై మట్టి పొడిగా ఉంటేనే."

"పొడిగా ఉంటేనే."

కట్ట అందించాను. రెండు చేతులా అందుకుని నాలుగడుగులు వేశారు. వెనక నుంచి పిలిచాను. మొదటిసారి ఎదురుగానే ఆ పిలుపు నోట్లోంచి వచ్చేసింది.

"మావగారూ, రేపు పొద్దున ఆరింటికొచ్చి చూస్తాను."