ముప్పై కౌంటు చింతగింజలు

పసిపిల్లల ఎదుగుదలను కనిపెట్టి నమోదు చేసే విద్య పరాయి దేశాల నుంచి దిగుమతి అయిందని నమ్మే పండితులు తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాల వంటిళ్లను ఎన్నడూ తనిఖీ చేసి ఉండరు. బిడ్డ బోర్లాపడితే బొబ్బట్లు, అడుగులు వేస్తే అరిసెలు, పలుకులు నేరిస్తే పంచదార చిలకలు పంచిపెట్టే ఆచారం నిజానికి పరిపూర్ణమైన నమోదు పద్ధతి. ఏ ఘట్టానికి ఏ పిండివంటో ముందే ఖరారై ఉంటుంది, ఆ ఘట్టం గడిచిన సంగతి వీధి వీధికీ రుచితో సహా చేరుతుంది, నమోదైన పత్రాన్ని అందిన వాళ్లే తినేస్తారు కనుక బీరువాలో దాచే అవసరమూ ఉండదు. అన్నప్రాశన నాడు పుస్తకం, కలం, బంగారం, కత్తి పరిచి, ఆరునెలల బిడ్డ దేన్ని పట్టుకుంటే ఆ వృత్తి ఖాయం చేసే పరీక్ష మాత్రం కొంత తొందరపాటుదని ఒప్పుకోవాలి. అయినా ఆ పరీక్షకూ, పలక పట్టని పిల్లవాడికి ప్రవేశపరీక్ష పెట్టే నేటి ప్రైవేటు బడి పద్ధతికీ ఉన్న తేడా ప్రధానంగా ఫీజుదే.

పిల్లల ఎదుగుదలను నమోదు చేసే పని శాస్త్రజ్ఞులు కూడా చేశారు. చార్లెస్ డార్విన్ 1839లో పుట్టిన తన కొడుకు ఎప్పుడు నవ్వాడో, దేనికి కోపగించుకున్నాడో రాసి పెట్టుకుని, ఆ రాతల ఆధారంగా 1877లో ఒక వ్యాసం ప్రచురించాడు. మధ్యలో గడిచిన ముప్పై ఏడేళ్లలో ఏ పై అధికారీ ఆయనను సాయంత్రం ఐదింటిలోగా వివరాలు పంపమని అడగలేదు. 1907లో రోమ్ నగరంలో పేదపిల్లల కోసం బడి తెరిచిన మరియా మాంటిస్సోరి, ముందు పిల్లను చూడు, తరువాత బోధించు అనే సూత్రం మీదే తన పద్ధతినంతా నిలబెట్టి, 1939లో మద్రాసుకు వచ్చి ఇక్కడి ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చింది. తెనాలిలో పెరిగి, బడుల ఇన్‌స్పెక్టరుగా ఉద్యోగం చేసిన చలం ‘బిడ్డల శిక్షణ’ రాశాడు; తనిఖీకి వెళ్లిన మనిషి రిజిస్టరును కాక పిల్లలను చూసి వస్తే ఏమవుతుందో తెలియాలంటే ఆ పుస్తకం చదవవచ్చు. తరువాతి కాలపు తనిఖీ వ్యవస్థ అలాంటి ప్రమాదాలకు చోటివ్వలేదు.

1975 అక్టోబరు 2న మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం, అంటే అంగన్‌వాడీ కేంద్రాలను నడిపే పథకం, ఆరు సేవలను హామీ ఇచ్చింది. అనుబంధ పోషకాహారం, టీకాలు, ఆరోగ్య పరీక్షలు, పెద్దాసుపత్రికి పంపడం, తల్లులకు పోషణ గురించీ ఆరోగ్యం గురించీ బోధ అనే అయిదింటితో పాటు ఆరోది పూర్వ ప్రాథమిక విద్య, అంటే మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు ఆటపాటలతో సాగే చదువు. ఈ ఆరింటి కోసం టీచరు నింపవలసిన రిజిస్టర్లను 2012 తరువాత పదకొండుగా స్థిరపరిచారు. కుటుంబ వివరాలు మొదటిది, సరుకుల నిల్వ రెండోది, పంపిణీ మూడోది, పిల్లల బరువు పదకొండోది. చదువుకు దక్కింది నాలుగోది, అందులోనూ సింహభాగం హాజరు గడులదే. 2021లో పోషణ్ ట్రాకర్ అనే యాప్ వచ్చి, కాగితం మీద చేసే పనిని ఫోనులో కూడా చేసే అవకాశం కల్పించింది. 2025లో, ఇంటికిచ్చే సరుకులు తీసుకునే లబ్ధిదారు ముఖాన్ని ఫోను కెమెరా గుర్తుపట్టి తీరాలన్న నిబంధన వచ్చింది. సరుకులకు వచ్చిన గర్భిణిని పుట్టినప్పటి నుంచీ ఎరిగిన పక్కవీధి టీచరమ్మ గుర్తుపట్టడం ఇకమీదట సాక్ష్యంగా చెల్లదు. 2022 ఏప్రిల్ 4న బాపట్ల జిల్లా ఏర్పడినప్పుడు రేపల్లె అటు వెళ్లి తెనాలి గుంటూరులోనే ఉండిపోయినందువల్ల, ఒకే రైలు మార్గం మీది కేంద్రాల లెక్కలు రెండు కలెక్టరేట్లకు వెళుతున్నాయి. గడులు మాత్రం రెండు చోట్లా ఒక్కటే.

ఇలా ఉండగా 2022 అక్టోబరు 20న విడుదలైన పునాది దశ జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం, మూడు నుంచి ఎనిమిదేళ్ల పిల్లలకు రాతపరీక్షలు తగవని తేల్చి, పరిశీలనే అసలైన మూల్యాంకనమని చెప్పింది. దానికి సాధనాలుగా అది సూచించినవాటిలో ఘటన నమోదు ఒకటి, అంటే పిల్ల చేసిన పనినీ అన్న మాటనూ తీర్పు చెప్పకుండా ఉన్నదున్నట్టు రాసిపెట్టడం. మరొకటి పోర్ట్‌ఫోలియో, అంటే పిల్ల గీసినవీ చేసినవీ తేదీ వేసి దాచే సంచి. ఈ చట్రంలో తప్పు పట్టవలసింది ఏమీ లేదు. పదకొండు రిజిస్టర్లకూ ఒక ఫోనుకూ మధ్య దీన్ని ఎక్కడ పెట్టాలో చెప్పకపోవడం ఒక్కటే లోటు.

నిజాంపట్నం వైపు, రొయ్యల పని చేసే తల్లి వెంట తిరిగిన నాలుగేళ్ల పిల్ల ఒకతె కేంద్రంలో చింతగింజలను రెండు కుప్పలు పోసి, పెద్ద గింజలను చూపించి “ఇవి ముప్పై కౌంటు”, చిన్నవాటిని చూపించి “ఇవి వంద కౌంటు” అంటోందని అనుకుందాం. కౌంటు అంటే కిలోకు తూగే రొయ్యల సంఖ్య. సంఖ్య తగ్గినకొద్దీ రొయ్య పెద్దది. వర్గీకరణ, పోలిక, పైకి తలకిందులుగా కనిపించే విలోమ సంబంధం, తల్లి వృత్తి, వ్యాపార పరిభాష, ఇన్నీ ఆ రెండు కుప్పల్లోనే ఉన్నాయి. సరిగ్గా ఆ క్షణానికి టీచరు, భోజనం ఫోటో అప్‌లోడ్ కాక, సిగ్నల్ కోసం ఫోను పైకెత్తి వేపచెట్టు కింద నిలబడి ఉంటుంది. సాయంత్రానికి ఆ పిల్ల గురించి ప్రభుత్వానికి చేరే జ్ఞానం ఇది: హాజరైంది, గుడ్డు తిన్నది, బరువు పద్నాలుగు కిలోలు. అన్నీ సత్యాలే.

ఆ పిల్ల ఇంటి పక్కనే ఉన్న చెరువులో రొయ్యకు ఇంతకన్నా మెరుగైన పరిశీలన దక్కుతోంది. మేత వేశాక చెక్ ట్రే పైకెత్తి, ఎంత తిన్నదీ ఎంత మిగిలిందీ చూసి, పుస్తకంలో రాసి, ఆ రాతను బట్టి మరుపూట మేత పెంచడమో తగ్గించడమో చేస్తారు. చెరువు పుస్తకం మరుపూట మేతను మారుస్తుంది. కేంద్రం రిజిస్టరు మర్నాటి ఆటను మార్చదు, ఎందుకంటే అది వెళ్లేది పైకి, తిరిగి గదిలోకి కాదు. రేపు ఆ పిల్ల ముందు తక్కెడ పెట్టాలనే ఆలోచన ఏ డ్యాష్‌బోర్డు మీదా పుట్టదు.

ప్రైవేటు రంగంలో ఈ సమస్యను ఫోటోతో పరిష్కరించారు. పట్టణాల్లోని ప్లేస్కూళ్లలో పిల్లవాడు రంగు పూసిన క్షణం తల్లి వాట్సాప్‌లో వాలుతుంది. రంగు పూసింది ఆయా చెయ్యి అయితే ఆ చెయ్యి వరకు కత్తిరించి పంపుతారు. యూకేజీ పూర్తికాగానే నల్లగౌను, టోపీ తొడిగి పట్టా ఇచ్చే సంప్రదాయం కూడా స్థిరపడింది కనుక, నమోదు చేయవలసింది ఇంకేదైనా మిగిలిందా అనే ప్రశ్న తలెత్తదు.

ఇంగ్లండులో కూడా చిన్నపిల్లల టీచర్లు కాగితాల కింద నలిగి, చివరకు అక్కడి ప్రభుత్వం, మూల్యాంకనం పేరిట పిల్లలను వదిలి ఎక్కువసేపు రాతలో మునగనక్కర లేదని, అతి రాత అవసరం లేదని నిబంధనల్లోనే రాసింది. రాత తగ్గించడానికి కూడా రాతే కావలసి వచ్చిందని నవ్వవచ్చు గానీ, ఆ మాట రాసిన చెయ్యి మంచిదే.

ఇక్కడ 2023 డిసెంబరు 12న ఆంధ్రప్రదేశ్ అంగన్‌వాడీ సిబ్బంది జీతాల పెంపు, గ్రాట్యుటీ వంటి కోర్కెలతో సమ్మెకు దిగి 42 రోజులు నిలిచారు. 2024 జనవరిలో ప్రభుత్వం ఎస్మా, అంటే అత్యవసర సేవల్లో సమ్మెను నిషేధించే చట్టం, ప్రయోగించింది. ఆలోగా సచివాలయాల ఉద్యోగులతో కేంద్రాలు తెరిపించే ప్రయత్నమూ జరిగింది. తాళం ఎవరైనా తీయగలరు, హాజరు ఎవరైనా వేయగలరు. ఏ పిల్ల కొత్తవారిని చూస్తే నోరు విప్పదో, ఎవరిని ఎవరి పక్కన కూర్చోబెడితే అన్నం తింటారో పదకొండు రిజిస్టర్లు తిరగేసినా దొరకదు. ఆ జ్ఞానం అప్పుడు దీక్షా శిబిరంలో కూర్చుని ఉండింది.

కాబట్టి సీడీపీఓలకు, అంటే ఈ పథకాన్ని క్షేత్రంలో పర్యవేక్షించే అధికారులకు, ఒక విన్నపం. కేంద్రానికి వెళ్లినప్పుడు రిజిస్టరు తెరవకముందే, ఈ వారం ఏ పిల్ల కొత్తగా ఏమన్నదో, దాన్ని బట్టి మర్నాడు ఏ ఆట మార్చారో టీచరును అడగండి. జవాబు దొరికిన కేంద్రంలో మిగతా గడుల ఖాళీలను ఆ పూటకు మన్నించండి.